చలికాలంలో అమెరికా గల్ఫ్ తీరం వెంట ఆర్‌వీ ప్రయాణం: రిటైరైన దంపతులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉద్యోగాలు అయిపోయాయి, పిల్లలు ఎవరి ఊళ్లలో వాళ్లున్నారు, మిషిగన్‌లోనో న్యూజెర్సీలోనో ఇంకో ఏడాది మంచు తవ్వే ఓపిక లేదు. ఇలాంటి మనవాళ్లు ఆర్‌వీ, అంటే మంచం, వంటగది, టాయిలెట్ ఉన్న ఇల్లులాంటి బండి మాట ఎత్తగానే మా ఇద్దరినీ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. అడిగిన వరసలోనే రాస్తున్నాను.

అసలు ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

టెక్సాస్ అడుగున ఉన్న సౌత్ పాడ్రే ఐలాండ్ ఒక కొస, ఫ్లోరిడాలోని కీ వెస్ట్ రెండో కొస. మధ్యలో టెక్సాస్, లూసియానా, మిసిసిపి, అలబామా, ఫ్లోరిడా. మొత్తం దాదాపు 1,700 మైళ్లు. హ్యూస్టన్ నుంచి లేక్ చార్ల్స్, బాటన్ రూజ్, మొబైల్, పెన్సకోలా మీదుగా టాలహసీ దాకా ఇంటర్‌స్టేట్ 10 తీసుకెళ్తుంది. అయితే ఆ రోడ్డు మీద నుంచి సముద్రం పెద్దగా కనిపించదు. నీళ్లు చూస్తూ నడపాలంటే మిసిసిపిలో యూఎస్ 90, ఫ్లోరిడా పడమటి కొస అయిన పాన్‌హ్యాండిల్‌లో యూఎస్ 98 పట్టుకోవాలి.

ఇదంతా ఒక్క చలికాలంలో చుట్టేద్దామనుకోకండి. సగం చాలు. రోజుకు 200 మైళ్లు మించకుండా, మధ్యాహ్నం మూడింటికల్లా చేరిపోయేలా, చేరిన చోట కనీసం మూడు రాత్రులు ఉండేలా ప్లాన్ వేసుకోండి. నడిపే రోజుల కంటే కుర్చీ వేసుకుని కూర్చునే రోజులే ఎక్కువ ఉండాలి. మన జనం ఇండియా వెళ్లినప్పుడు పది రోజుల్లో పద్నాలుగు గుళ్లు చూసే అలవాటులో ఉంటారు. ఆ అలవాటుతో ఇక్కడికి వస్తే రెండో వారానికే నడుం పట్టేస్తుంది.

ఏ నెలలో బయల్దేరాలి? అక్కడ చలి ఉండదా?

హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. థాంక్స్‌గివింగ్ పిల్లలతో గడిపి, డిసెంబర్ మొదట్లో బయల్దేరితే సరిపోతుంది.

చలి మాత్రం ఉంటుంది. ఫ్లోరిడా అనగానే మయామి ఫొటోలు గుర్తుకొస్తాయి కానీ, పెన్సకోలాలో జనవరి మధ్యాహ్నం 60 ఫారెన్‌హీట్ చుట్టుపక్కల, రాత్రి 40లలో ఉంటుంది. టెక్సాస్ చివరి రియో గ్రాండ్ లోయలో మధ్యాహ్నాలు 70 దాకా వెళ్తాయి. ఉత్తరం నుంచి చలిగాలి దిగిందంటే కొన్ని గంటల్లోనే 25, 30 డిగ్రీలు పడిపోతుంది. 2025 జనవరి 21న గల్ఫ్ తీరమంతా మంచు కురిసింది. న్యూ ఆర్లీన్స్‌లో 8 అంగుళాలు పడింది, లేక్ చార్ల్స్ ప్రాంతానికి బ్లిజర్డ్ (మంచు తుఫాను) హెచ్చరిక ఇచ్చారు, ఐ-10 చాలా దూరం మూసేశారు. అలాంటిది ఏటా రాదు. కానీ గడ్డకట్టే రాత్రులు ప్రతి చలికాలంలోనూ కొన్ని ఉంటాయి. అలాంటి రాత్రి పార్కు కుళాయికి తగిలించిన నీళ్ల పైపు విప్పి లోపల పెట్టేయండి. ముందే మంచినీళ్ల ట్యాంకు నింపుకుని పంపుతో వాడుకోవచ్చు.

చలి అసలు పడదనుకుంటే రెండే చోట్లు: టెక్సాస్ చివర, లేదా టాంపా కింద ఫ్లోరిడా.

ఎలాంటి ఆర్‌వీ తీసుకోవాలి? కొనాలా, అద్దెకా?

ముందు అద్దెకు. ఒక వారం నడిపి, వండుకుని, ట్యాంకులు ఖాళీ చేసి, వానలో రెండు రోజులు లోపలే ఇద్దరూ కూర్చుని చూడండి. అప్పటికీ ఇష్టం మిగిలితే కొనే మాట. అద్దె రేటు చూసేటప్పుడు రోజుకు ఎన్ని మైళ్లు కలిపారు, జనరేటర్ గంటకు ఎంత, ఇన్సూరెన్సు ఎంత, పక్క గుడ్డలూ వంట సామానూ విడిగానా అని అడగండి. పైకి కనిపించే రేటు ఒకటి, చివర కట్టేది ఇంకొకటి.

రకాల గురించి క్లుప్తంగా: క్లాస్ ఏ బస్సంత ఉంటుంది, క్లాస్ బి వ్యాన్, క్లాస్ సి మధ్యరకం. మన వయసు వాళ్లకు 25 నుంచి 28 అడుగుల క్లాస్ సి అనుకూలం. పాత స్టేట్ పార్కుల్లో సైట్లు, అంటే బండి నిలిపే చోట్లు, పొట్టిగా ఉంటాయి, 35 అడుగుల బండి చాలా చోట్ల పట్టదు. మంచం విషయంలో రాజీ పడొద్దు. డ్రైవర్ నెత్తిమీద ఉండే పడకకు నిచ్చెన ఎక్కాలి, మోకాళ్లు ఒప్పుకోవు. మూలకు నెట్టిన మంచమైతే రాత్రి బాత్‌రూమ్‌కు లేచేవాళ్లు పక్కనున్నవాళ్ల మీద నుంచి దాటాలి. రెండు పక్కలా నడిచే చోటున్న మంచమే చూసుకోండి.

వాడిన బండి కొంటుంటే టైరు పక్కన DOT అనే అక్షరాలున్న కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. గీతలు కొత్తగా కనిపించినా ఆరేడేళ్లు దాటిన టైర్లు నమ్మొద్దు. ఇంకోటి, పదేళ్లు దాటిన ఆర్‌వీలను కొన్ని ప్రైవేటు పార్కులు రానివ్వవు.

ప్రత్యేకమైన లైసెన్సు కావాలా?

26,000 పౌండ్ల లోపు బండికి మామూలు కారు లైసెన్సు చాలు. అద్దెకిచ్చేవన్నీ దాదాపు ఆ లోపలే.

అంత పెద్ద బండి నడపడమంటే టెన్షన్. మా ఆవిడ అసలు ముట్టుకోనంటోంది.

ముట్టుకోవాలి. మా ఆయన కన్నా రివర్స్ నేనే బాగా చేస్తాను. ఒక్కరే నడిపే ప్రయాణంలో ఆ ఒక్కరికి జ్వరం వస్తే అక్కడే ఆగిపోతారు. ఆదివారం పొద్దున ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్‌లో ఇద్దరూ రెండు గంటలు తిప్పండి. మలుపుల్లో వెనక చక్రం గట్టు ఎక్కకుండా, ఆగినప్పుడు వెనక భాగం పక్క కారుకు తగలకుండా చూసుకోవడం, ఈ రెండూ వస్తే మిగతాది ఓపికే.

బండి ఎత్తు ఎంతో అడుగులు, అంగుళాల్లో కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అతికించండి. ఇంటర్‌స్టేట్ మీద ఎత్తుతో పేచీ ఉండదు. డ్రైవ్‌త్రూలు, పాత గ్యాస్ స్టేషన్ల కప్పులు, చెట్ల కొమ్మలు, ఊళ్లలోని పాత వంతెనలు, వీటి దగ్గరే దెబ్బ తగులుతుంది. మొబైల్ ఊళ్లో పాత బ్యాంక్‌హెడ్ టన్నెల్ వైపు జీపీఎస్ పంపినా వెళ్లకండి. ఐ-10 మీది వాలెస్ టన్నెల్‌లోనే దాటండి. గాలి గట్టిగా ఉన్న రోజు పొడుగు వంతెనలు ఎక్కకపోవడం మంచిది. లూసియానాలో అచఫలాయా చిత్తడి మీది వంతెన ఒక్కటే 18 మైళ్లు.

ఇక రివర్స్ పెట్టించేటప్పుడు జరిగే గొడవలు. ప్రతి కాంప్‌గ్రౌండ్‌లోనూ సాయంత్రం పూట ఇదే వినోదం. దిగి నిలబడేవాళ్లు డ్రైవర్ అద్దంలో కనిపించే చోటే ఉండాలి. అద్దంలో మనిషి మాయమైతే డ్రైవర్ ఆపేయాలి. కేకలొద్దు, ఫోన్ కాల్‌లో స్పీకర్ పెట్టుకుని మెల్లగా మాట్లాడుకోండి. ‘ఇటు, అటు’ అనకుండా ‘డ్రైవర్ వైపు, తలుపు వైపు’ అనండి.

సైట్లు ఎంత ముందుగా బుక్ చేయాలి?

చలికాలంలో ఉత్తరాది రాష్ట్రాల నుంచీ కెనడా నుంచీ చలి తప్పించుకునే ‘స్నోబర్డ్స్’ వేల సంఖ్యలో దిగుతారు. ఫ్లోరిడా స్టేట్ పార్కులు అందరికన్నా కష్టం. ఆ రాష్ట్రం వాళ్లకు 11 నెలల ముందు, బయటివాళ్లకు 10 నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. టెక్సాస్ స్టేట్ పార్కులు అయిదు నెలల ముందు. ముందు ఫ్లోరిడా తేదీలు దొరకనిచ్చి, మిగతా ప్రయాణం దాని చుట్టూ అల్లుకోండి. రద్దయిన సైట్లు కూడా రోజూ బయటపడుతుంటాయి. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకసారి చూస్తుండండి, ముఖ్యంగా ఆదివారం నుంచి గురువారం రాత్రుల కోసం.

ఒకేచోట నెలంతా ఉంటే ప్రైవేటు పార్కుల్లో రేటు బాగా తగ్గుతుంది, కరెంటు మాత్రం మీటర్ చూసి విడిగా వేస్తారు. టెక్సాస్‌లో మిషన్, వెస్లాకో, హార్లింజెన్ ఊళ్లలో 55 దాటినవాళ్ల కోసమే ఉన్న పార్కులున్నాయి. అక్కడికి ఏటా వచ్చేవాళ్లను వింటర్ టెక్సన్స్ అంటారు. మొదటిసారికి ఒక నెల అక్కడ, ఇంకో నెల తీరం వెంట అనుకుంటే చాలా హాయి.

ఖర్చు ఎలా అంచనా వేసుకోవాలి?

పెట్రోలు లెక్క తేలిక. క్లాస్ సి గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది, అంటే వెయ్యి మైళ్లకు 100 నుంచి 125 గ్యాలన్లు. సైట్ అద్దె అంతకన్నా పెద్ద పద్దు, అందుకే నెలసరి రేట్లు చూడమన్నాను. ఈ రెండింటి పక్కన రిపేర్ల కోసం కొంత సొమ్ము విడిగా పెట్టుకోండి. కదిలే ఇంట్లో ఏదో ఒకటి వదులవుతూనే ఉంటుంది.

62 దాటిన అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఫెడరల్ సీనియర్ పాస్ ఉంది. జీవితాంతానికి 80 డాలర్లు, ఏడాదికైతే 20. నేషనల్ పార్కుల్లో ప్రవేశ రుసుము ఉండదు, చాలా ఫెడరల్ కాంప్‌గ్రౌండ్లలో సైట్ అద్దె సగమే. పెన్సకోలా దగ్గరి ఫోర్ట్ పికెన్స్ లాంటి చోట వారం ఉంటే పాస్ డబ్బు తిరిగొచ్చేస్తుంది. ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన బంధువులకు ఈ పాస్ ఇవ్వరు.

కరెంటు ఎందుకు మాటిమాటికీ పోతుంది?

ఎందుకంటే ఒకేసారి అన్నీ వేస్తాం. 30 ఆంప్స్ సైట్ అంటే 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. గది హీటర్ 1,500, మైక్రోవేవ్ 1,500, ఇన్‌స్టంట్ పాట్ 1,000 కలిస్తే 4,000 అయింది, బ్రేకర్ పడింది. పప్పు ఉడికేటప్పుడు హీటర్ ఆపేయండి. 50 ఆంప్స్ సైట్‌లో ఈ బాధ ఉండదు, అక్కడ 12,000 వాట్ల దాకా వస్తుంది. సర్జ్ ప్రొటెక్టర్ లేకుండా ఏ పార్కు ప్లగ్‌నూ నమ్మొద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న 230 వోల్టుల మిక్సీ ఇక్కడ పనికిరాదు, 110 వోల్టులదే కొనుక్కోండి.

టాయిలెట్ ట్యాంకు సంగతి? అడగడానికే ఇబ్బందిగా ఉంది.

అందరూ చివర్లో గొంతు తగ్గించి అడిగేది ఇదే. మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి, సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్ కింద బ్లాక్ ట్యాంకు ఒకటి. గొట్టం తగిలించి ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి. సబ్బు నీళ్లు వెనకాల వచ్చి గొట్టాన్ని కడిగేస్తాయి. పార్కులో సీవర్ (మురుగు) కనెక్షన్ ఉంది కదా అని బ్లాక్ ట్యాంకు వాల్వు తెరిచే ఉంచొద్దు. నీళ్లు మాత్రం పోయి, పోవాల్సింది అడుగున గట్టిపడుతుంది. మూడొంతుల్లో రెండొంతులు నిండాక ఒక్కసారిగా వదలాలి.

మన మగ్గు అలవాటు ఇక్కడ కలిసొస్తుంది. బ్లాక్ ట్యాంకులో నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత శుభ్రంగా ఖాళీ అవుతుంది, కాగితం తక్కువ పడితే ఇంకా మంచిది. చిక్కల్లా ట్యాంకు త్వరగా నిండడమే. సీవర్ లేని సైట్‌లో నాలుగైదు రోజులుంటే మధ్యలో ఒకసారి ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌కు బండి తీసుకెళ్లాల్సి రావచ్చు.

గ్రే ట్యాంకుకు శత్రువు మన వంట. నూనె, గంజి, పులుసు అడుగున పేరుకుని నాలుగో రోజుకు వాసన కొడతాయి. కంచాలు, మూకుళ్లు ముందు పేపర్ టవల్‌తో తుడిచి తర్వాతే కడగండి. మంచినీళ్ల పైపు, కడిగే పైపు వేరువేరు రంగుల్లో కొనండి, వేరువేరు అరల్లో పెట్టండి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

మన వంట చేసుకోవచ్చా?

నిక్షేపంగా. పోపు మాత్రం బయట పెట్టండి. అంత చిన్న చోట ఎండుమిర్చి వేగితే స్మోక్ అలారం ఒకటే మోత, పైగా ఆ ఘాటు పరుపులకు పట్టి వారం వదలదు. అలారం గోల భరించలేక బ్యాటరీ తీసేసేవాళ్లున్నారు, ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయొద్దు. బల్ల మీద చిన్న ఇండక్షన్ పొయ్యి చాలు. దోసెల పిండి పులియడానికి, బండి కదలని రోజు, ఎండ పడే ముందు అద్దం దగ్గర గిన్నె పెట్టండి.

సరుకులకు హ్యూస్టన్‌లో హిల్‌క్రాఫ్ట్ రోడ్డు చుట్టూ ఉన్న మహాత్మా గాంధీ డిస్ట్రిక్ట్‌ను మించింది దారిలో లేదు. అక్కడి నుంచి టాంపా చేరేదాకా అంత మార్కెట్ దొరకదు కాబట్టి కందిపప్పు, చింతపండు, పచ్చళ్లు అక్కడే నింపుకోండి. సంక్రాంతికి గుడికి వెళ్లాలనుకుంటే హ్యూస్టన్ పక్కన పేర్‌లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడి ఉంది. అటు టాంపాలో పెద్ద గోపురంతో ఇంకో గుడి ఉంది.

ఇంట్లో కుండీలో పెరిగే కరివేపాకు మొక్కను వెంట తెచ్చుకోవద్దు. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. అందుకే ఫ్లోరిడా, టెక్సాస్ వంటి చోట్ల ఈ మొక్కల రాకపోకల మీద నిబంధనలున్నాయి.

చేపలు, రొయ్యలు తినేవాళ్లకు ఇది స్వర్గం. బిలాక్సీ రేవులో పడవ దగ్గరే తాజా రొయ్యలు కొని ఇగురు చేసుకుంటే భీమవరం గుర్తొస్తుంది. శాకాహారులు లూసియానాలో జాగ్రత్త. రెడ్ బీన్స్ అండ్ రైస్ చూసి రాజ్మా అన్నం అనుకుంటారు, మామూలుగా అందులో హామ్‌గానీ సాసేజ్‌గానీ వేసి ఉడికిస్తారు. గంబో అనే అక్కడి పులుసులో బెండకాయ ఉంటుంది నిజమే, దాంతోపాటు కోడో రొయ్యలో కూడా ఉంటాయి.

తప్పకుండా ఆగాల్సిన చోట్లు ఏవి?

మాకు నచ్చినవే చెబుతాను.

టెక్సాస్‌లో రాక్‌పోర్ట్. దగ్గర్లోని అరన్సాస్ వన్యప్రాణి ఆశ్రయానికి కెనడాలోని వుడ్ బఫెలో నుంచి వూపింగ్ క్రేన్లు దాదాపు 2,500 మైళ్లు ఎగిరి వచ్చి చలికాలం గడుపుతాయి. తెల్లటి పక్షులు, నిలబడితే అయిదడుగుల ఎత్తు. 1941లో ఈ గుంపులో పదిహేనో పదహారో మిగిలాయి, ఇప్పుడు 500 దాటాయి. పడవ మీద వెళ్తే జంటగా నీళ్లలో పీతలు ఏరుకు తింటూ కనిపిస్తాయి. ఒడ్డు నుంచి చూస్తే తెల్ల చుక్కలే, కాబట్టి పడవ టికెట్‌కు వెనకాడొద్దు. ఉండడానికి గూస్ ఐలాండ్ స్టేట్ పార్కు బాగుంటుంది. అక్కడ వెయ్యేళ్లు దాటిందని చెప్పే ఓక్ చెట్టుంది. దగ్గర్లోని అరన్సాస్ పాస్ నుంచి పోర్ట్ అరన్సాస్‌కు ఫెర్రీ ఉచితం, గాల్వెస్టన్ నుంచి బొలివార్ వెళ్లేదీ ఉచితమే.

అలబామాలో గల్ఫ్ స్టేట్ పార్కు. దాదాపు 500 సైట్లు, 28 మైళ్ల పైన నున్నటి సైకిల్, నడక బాటలు. సాయంత్రం వాకింగ్ అలవాటున్న దంపతులకు దీన్ని మించింది లేదు. ఎలక్ట్రిక్ సైకిళ్లు ఉంటే ఇంకా సుఖం.

ఫ్లోరిడాలో పెన్సకోలా బీచ్ చివర ఫోర్ట్ పికెన్స్. అపాచీ నాయకుడు జెరోనిమోను 1886 నుంచి 1888 దాకా బంధించి ఉంచిన కోట ఇదే. ఇసుక పంచదారలా తెల్లగా ఉంటుంది. తుఫాను గాలులకు అలలు రోడ్డు మీదికొస్తే దారి మూసేస్తారు, వెళ్లే రోజు పొద్దున తప్పక చూసుకోండి.

ఫ్లోరిడాలోనే క్రిస్టల్ రివర్‌లో మానటీలు, అంటే సముద్రపు ఆవులు. ఊట నీళ్లు ఏడాదంతా 72 డిగ్రీలే కాబట్టి గల్ఫ్ నీళ్లు చల్లబడగానే అవి వందల కొద్దీ లోపలికి వచ్చేస్తాయి. ఎంత చలిగా ఉంటే అంత ఎక్కువ కనిపిస్తాయి. చలి రోజును తిట్టుకోకుండా ఇక్కడికి రండి.

మిసిసిపి తీరాన్ని చాలామంది ఆగకుండా దాటేస్తారు. బే సెయింట్ లూయిస్, ఓషన్ స్ప్రింగ్స్ రెండూ చిన్న, చక్కటి ఊళ్లు. 2005 కత్రినాలో ఈ తీరమంతా కొట్టుకుపోయింది. బిలాక్సీలో రోడ్డు మధ్యన ఉన్న 1848 నాటి లైట్‌హౌస్ మాత్రం నిలబడింది.

న్యూ ఆర్లీన్స్‌కు ఆర్‌వీ తీసుకెళ్లొచ్చా?

ఫ్రెంచ్ క్వార్టర్‌లోకి వద్దు. ఇరుకు వీధులు, రోడ్డు మీదికి వంగిన బాల్కనీలు. నదికి ఇవతల వెస్ట్‌వీగోలో బయూ సెగ్నెట్ స్టేట్ పార్కులో బండి వదిలి టాక్సీలో వెళ్లండి, లేదా అల్జీర్స్ నుంచి ఫెర్రీ ఎక్కండి. మార్డి గ్రా అనే ఊరేగింపుల పండగ రోజుల్లో సైట్లు దొరకవు, దొరికినా రేటు మామూలుగా ఉండదు. ఆ సందడి చూడాలనే ఉంటే మొబైల్‌లో చూడండి. అక్కడ 1703 నుంచి జరుపుతున్నామంటారు, న్యూ ఆర్లీన్స్ ఊరు పుట్టిందే 1718లో. జనమూ తక్కువ, కుర్చీ వేసుకునే చోటూ దొరుకుతుంది.

వెంట ఏ కాగితాలు ఉండాలి?

రియో గ్రాండ్ లోయ నుంచి పైకి వచ్చేటప్పుడు యూఎస్ 77 మీద సరీటా దగ్గర, యూఎస్ 281 మీద ఫాల్ఫురియస్ దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పాయింట్లుంటాయి. మెక్సికో వెళ్లకపోయినా అందరూ ఆగాల్సిందే. పౌరులా అని అడుగుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ఎప్పుడూ కార్డు దగ్గరుంచుకోవాలని చట్టమే చెబుతోంది, జిరాక్స్ చాలదు. విజిటర్లు పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చిన రికార్డు అయిన ఐ-94 ప్రింటు పెట్టుకోవాలి.

ఆరోగ్యం బాగోకపోతే?

ముందు మీ మెడికేర్ (పెద్దవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఏ రకమో చూసుకోండి. ఒరిజినల్ మెడికేర్ అయితే దేశంలో ఎక్కడైనా, మెడికేర్ తీసుకునే ఏ డాక్టరైనా సరే. ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్ అయితే ఎమర్జెన్సీ, అర్జెంట్ కేర్ ఎక్కడైనా ఇస్తారు గానీ, మామూలు చెకప్‌లకు మీ ప్రాంతపు నెట్‌వర్క్ దాటితే డబ్బు మీదే కావచ్చు. మూడు నెలలు బయటుండేవాళ్లు ప్లాన్‌వాళ్లకు ఫోన్ చేసి ముందే అడగాలి. బీపీ, షుగర్ మందులు 90 రోజులకు తీసుకోండి, లేదా అన్ని రాష్ట్రాల్లో షాపులున్న ఫార్మసీకి మార్పించుకోండి. మీ సైట్ నంబరు, పార్కు అడ్రసు తలుపు లోపలి వైపు రాసి పెట్టండి. 911కు ఫోన్ చేసినప్పుడు కంగారులో ఆ రెండే గుర్తుకురావు.

దారిలో ఎక్కడైనా ఆపి పడుకోవచ్చా?

టెక్సాస్ రెస్ట్ ఏరియాల్లో 24 గంటల దాకా ఉండొచ్చు. ఫ్లోరిడాలో మూడు గంటలే. వాల్‌మార్ట్ పార్కింగ్ ఒక్కో స్టోర్‌లో ఒక్కోలా, లోపలికెళ్లి మేనేజర్‌ను అడగండి. మా వయసులో అయితే రాత్రి పూట అలాంటి చోట్లు వెతుక్కోవడం వద్దనే చెబుతాను.

సముద్రంలో స్నానం?

జనవరిలో గల్ఫ్ నీళ్లు ఒళ్లు కొరికేస్తాయి. పాదాలు తడుపుకోండి చాలు.

ఉత్తరాన వదిలి వచ్చిన ఇల్లు?

నీళ్ల మెయిన్ వాల్వు కట్టేయండి, హీటింగ్ మాత్రం ఆపొద్దు. నెల, రెండు నెలలు ఎవరూ లేకపోతే కొన్ని ఇన్సూరెన్సు పాలసీలు కవరేజీ తగ్గిస్తాయి, మీది చదివి చూసుకోండి. పోస్టాఫీసు ఉత్తరాలు 30 రోజులకు మించి ఆపి ఉంచదు, కాబట్టి పిల్లల అడ్రసుకు తాత్కాలికంగా మళ్లించడం నయం.

వెనక్కి ఎప్పుడు బయల్దేరాలి?

మార్చి రెండో వారం కల్లా కాలేజీ పిల్లలు స్ప్రింగ్ బ్రేక్‌కు వస్తారు. సౌత్ పాడ్రే, పనామా సిటీ బీచ్ ఆ రెండు వారాలు మనవి కావు. అలాగని వెంటనే ఇంటికి పరుగెత్తితే ఒహాయోలో ఇంకా గడ్డకట్టే రాత్రులే ఉంటాయి. ఆ వారాలు తీరం వదిలి కాస్త లోపలి స్టేట్ పార్కుల్లో గడిపి, ఏప్రిల్‌లో ఉత్తరం దారి పట్టండి. ముందే వెళ్లక తప్పదంటే టెనెసీ దాటకముందే నీళ్ల ట్యాంకులు, హీటర్, పైపులు ఖాళీ చేసి, గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోయించండి. అక్కడి నుంచి తాగడానికి బాటిల్ నీళ్లు, రాత్రికి హోటల్ గది.